నా వీపు మీద బిరుదు

బాపట్లలో నా అంత తెలివితక్కువ తండ్రి ఇంకొకడుండడు. మొన్న బడి తెరిచిన రోజు మా పాప వీపుకి కాగితం అంటించుకుని వస్తే, చదవకుండానే పీకి చింపేశాను. అది ఏడుస్తూ ముక్కలు కలిపి చూపించింది. ‘నవ్వు బాగుంటుంది’ అని ఉంది.

ఒకటో తరగతిలో నా వీపుకీ ఒకటి అంటించారు. అమ్మ రోజూ రేపల్లె నుంచి రైల్లో తెనాలి మార్కెట్టుకి చేపలు తీసుకెళ్లి అమ్మేది. నన్ను అక్కడి బళ్లోనే వేసింది. మొదటిరోజు ఒక్కొక్కరినీ గుమ్మం బయట నిలబెడితే, వాళ్ల గురించి మిగతా పిల్లలు ఒక మాట చెప్పాలి. మాకు రాయడం రాదు కాబట్టి టీచర్ గారే రాసి అంటించారు. నా వంతుకి క్లాసంతా గొల్లుమంది. ఆవిడా నవ్వుతూనే రాశారు. నాకేదో పెద్ద బిరుదే ఇచ్చారనుకున్నాను.

సాయంత్రం రైల్లో అందరికీ వీపు తిప్పి తిప్పి చూపించాను.

“భలే రాశార్రా అబ్బాయ్!” అన్నాడొకాయన, పొట్ట పట్టుకుని.

చదువురాని అమ్మ ఆ కాగితాన్ని అన్నం మెతుకులతో గోడకి అంటించి, వచ్చినవాళ్లందరికీ చూపించింది.

దసరా సెలవులకి నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. సొంతంగా చదివిన మొదటి వాక్యం ఆ గోడమీదిదే: ‘చేపల కంపు కొడతాడు.’

“ఏం రాశార్రా నాన్నా?” అంది అమ్మ.

“మంచి పిల్లాడు అని.”

సెలవులయ్యాక హెడ్మాస్టరు గారు మా క్లాసుకొచ్చి, వచ్చిన వాక్యమేదైనా బోర్డు మీద రాయమన్నారు. నేను లేచి, ఆ వాక్యమే పెద్ద అక్షరాలతో రాశాను.

“ఇదెవరు నేర్పార్రా నీకు?”

“మా టీచర్ గారేనండి,” అన్నాను చేతులు కట్టుకుని. “అన్నిటికంటే ముందు ఇదే నేర్పారండి.”