వచ్చిపోయేవి, ఉండిపోయేవి

చదువూ పట్టా అక్కర్లేకుండా ఎవరైనా చేసెయ్యదగ్గ వైద్యం లోకంలో ఒకటుంది. ఎదుటివాళ్ళ మొటిమలకు చేసే వైద్యం. గుండెనొప్పి అంటే ఎవరైనా డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. మొహం మీద మొటిమ కనబడితే మాత్రం బస్సులో పక్కసీటు ఆవిడ దగ్గర్నుంచి పాలప్యాకెట్లు వేసేవాడి దాకా ప్రతివాడూ చెయ్యి తిరిగిన వైద్యుడే.

ఈ ఉచిత వైద్యం అందరికంటే ఎక్కువగా అనుభవించిన మనిషి, ఒక ఫోటో స్టూడియో వెనకగదిలో కంప్యూటరు ముందు కూర్చునే టచప్ అక్క. ఇంట్లో పెట్టిన పేరేదైతేనేం, స్టూడియోలో అందరూ అలాగే పిలుస్తారు. ఫోటోల్లో ఊళ్ళోవాళ్ళ మొహాల మీది మొటిమలు తుడవడం ఆమె ఉద్యోగం. తన మొహం మీద మాత్రం బళ్ళో చదివే రోజుల్లో దిగిన మొటిమలు, ముప్పై దాటినా ఇల్లు ఖాళీ చెయ్యలేదు. ఒకటి మానుతుంటే ఇంకోటి లేస్తుంది. ఆ మానడం కూడా మర్యాదగా మానదు. కొన్నాళ్ళు ఎర్రగా, కొన్నాళ్ళు నల్లగా ఉండి, పోయినట్టే పోయి మచ్చై కూర్చుంటుంది. సబ్బు మారిస్తే మంట, ఎండ తగిలితే దురద. కొత్త తలగడ గలీబు కూడా ఆ చర్మానికి పడదు.

ఆమె పనికో సూత్రం ఉంది. చేరిన కొత్తలో ఒక పెద్దాయన గడ్డం మీది పుట్టుమచ్చను మరక అనుకుని తుడిచేసింది. ఫోటో అందుకున్న ఆయన భార్య, ఈయనెవరండీ అని అడిగింది. స్టూడియో ఓనరు తిట్టలేదు గానీ ఒక మాట నేర్పాడు.

"వచ్చిపోయేది తుడిచెయ్యమ్మా. ఉండిపోయేది ముట్టుకోకు."

మొటిమ వచ్చిపోయేది కాబట్టి తుడిచెయ్యాలి. పుట్టుమచ్చ, పాత గాటు, గుంట ఉండిపోయేవి కాబట్టి వాటి జోలికి పోకూడదు. సూత్రం బాగానే ఉంది. తన ఫోటో ముందుకొచ్చినప్పుడే అక్కకి చిక్కు. ఇన్నేళ్ళుగా పోని మొటిమల్ని ఏ లెక్కలో వెయ్యాలి? ఎందుకొచ్చిన గొడవని మొత్తం తుడిచేసుకునేది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలోనూ ఆమె మొహం కడిగి బోర్లించిన పళ్ళెంలా నున్నగా ఉంటుంది. ఆ ఫోటోలు చూస్తే ఆమెకే ఒళ్ళు మంట.

చివరికి ఒక చర్మం డాక్టరమ్మ దొరికింది. ఆవిడ చెప్పిన వైద్యం చూస్తే వైద్యంలాగే లేదు. రాత్రి కాస్తంత క్రీము, పగలు ఎండ తగలకుండా ఇంకోటి, గిల్లొద్దు, రుద్దొద్దు, ఎవరేం చెప్పినా రాయొద్దు, ఓపిక పట్టు. అన్నీ సులువే గానీ ఎవరేం చెప్పినా రాయొద్దన్నదే కష్టం. ఎందుకంటే వాళ్ళింటికి ఒక మేనత్త ఉంది.

ఓపిక పట్టింది. కొన్ని నెలలకి ఎరుపు తగ్గింది, కొత్తవి లేవడం మానేశాయి. అంతలో చెల్లెలి పెళ్ళి కుదిరింది. అక్క మనసులో ఒకే ఒక్క కోరిక పుట్టింది. ముందు వరసలో, చెల్లెలి పక్కన నిలబడాలి. జీవితంలో ఒక్క ఫోటో అయినా తుడవక్కర్లేనిది ఉండాలి. ఈ మాట చెల్లెలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెళ్ళి దగ్గరపడగానే మేనత్త దిగింది. అత్త మొహం ఏ వేళ చూసినా తెల్లటి పౌడరుతో మెరిసిపోతూ ఉంటుంది. మెడ దగ్గరికొచ్చేసరికి మనిషి మారిపోతుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అంటారు గానీ, ఈ కత్తిపీట కందని వెతుక్కుంటూ బస్సెక్కి మరీ వస్తుంది. ఈసారి గిన్నెలో ఒక ముద్ద కలిపింది. అందులో నిమ్మరసం ఉంది, వంటసోడా ఉంది. మిగతావి అడిగితే చెప్పలేదు.

అక్క వద్దంది. డాక్టరమ్మ ఒప్పుకోదంది. నిన్ను ఎత్తుకు పెంచింది నేనా, ఆ డాక్టరమ్మా అని అత్త అడిగింది. వంటగదిలోంచి అమ్మ, పెద్దదాని మాట తీసెయ్యకే, ఒక్కసారి రాస్తే అరిగిపోతావా అంది. అక్కకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెళ్ళింట్లో రభస ఎందుకని మొహం అప్పగించింది. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట.

పొద్దున లేచేసరికి బుగ్గలు రెండూ ఎర్రగా కాలి, పొరలు లేచాయి. నెలల ఓపిక ఒక్క గిన్నెడు ముద్దకి కరిగిపోయింది. అత్త తొణకలేదు. లోపలి వేడి బయటికొస్తోంది, మంచిదే అంది.

పెళ్ళిరోజు ఫోటోకి అందరూ నిలబడుతుంటే అమ్మ కళ్ళతోనే వెనక వరస చూపించింది. చెల్లెలు మాత్రం అక్క చెయ్యి పట్టి లాగి పక్కన నిలబెట్టుకుంది. అందరూ అక్కనే ఓదార్చారు. ఏం పర్లేదులే, తుడిచేది నువ్వేగా, నీకు నువ్వే తుడుచుకుంటావు అని బాబాయి పెద్దగా నవ్వాడు కూడా. ఆ నవ్వు విన్నాక అక్క మొహం ఇంకా ఎర్రబడింది.

ఫోటో అక్క బల్ల మీదికే వచ్చింది. అక్క వరసగా బాబాయి ముక్కు మీది మొటిమ తుడిచింది, పెళ్ళికొడుకు గడ్డం మీద ఆ పొద్దుటి బ్లేడు గాటు తుడిచింది. తన మొహం దగ్గర చెయ్యి ఆగింది. సరిగ్గా అప్పుడే మేనత్త స్టూడియోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, పక్కనే కుర్చీ లాక్కుంది.

"ఏమే, నా మొహం కూడా కాస్త శుభ్రం చెయ్యవే. ఎవరితో అనకు."

అక్క అత్త బుగ్గని పెద్దది చేసింది. పౌడరు కింద బుగ్గంతా గుంటలే. కొత్తవి కావు, ఎప్పటివో. అత్త తలొంచుకుంది. నీ వయసులో నాదీ ఇదే మొహం, రాయనిది లేదు అని గొణిగింది.

"ఆ ముద్దతో తగ్గిందా అత్తా?"

"లేదు."

"మరి నాకెందుకు రాశావు?"

"నీకైనా పనిచేస్తుందేమోనని."

అక్కకి తిట్టాలనిపించింది. ఆ మెడనీ ఆ మొహాన్నీ చూస్తే జాలీ వేసింది. ఇన్నేళ్ళూ పౌడరు పొర కింద ఈవిడ కూడా తనలాగే మండిందన్నమాట. అయినా కోపం పోలేదు.

"గుంటలు ఉండిపోయేవి, వాటిని తుడవకూడదు. మా పనికదే సూత్రం. ఆ లెక్కన నీ మొహంలో వచ్చిపోయేది పౌడరొక్కటే అత్తా. తుడిచెయ్యనా?"

అత్త వద్దే తల్లీ అని చేతులు పట్టుకుంది. అక్క పౌడరు ఉంచింది. తన ఎర్రబుగ్గలూ అలాగే ఉంచింది.

"అవి వచ్చిపోయేవేగా, తుడుచుకోవేం?"

"నువ్వు పెట్టిన పెళ్ళి కానుక కదా, ఉండనీ. ఎవరైనా అడిగితే ఎలా వచ్చాయో నువ్వే చెప్పు."

ఆ ఫోటో ఇప్పుడు చెల్లెలి ముందుగదిలో, సోఫాకి ఎదురుగా ఉంది. మొన్న మేనత్త ఆ సోఫాలో కూర్చునుండగా పక్కింటి అమ్మాయి వచ్చింది, నుదుటి మీద నాలుగు మొటిమలేసుకుని. మేనత్త కళ్ళు మెరిశాయి. నిమ్మకాయ అని నోరు తెరిచింది. ఎదురుగా గోడ మీద మేనకోడలి ఎర్రబుగ్గలు కనబడ్డాయి.

"నిమ్మకాయ మాత్రం రాయకమ్మా" అని ఊరుకుంది.