అంబలోళ్ల పాప, తుగ్గలి టీచరు

మీ ఇంటిపేరేమిటని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ విసుగే. ఏది చెప్పాలి? పెళ్లయ్యాక ఆడదానికి ఇంటిపేరు మారుతుందని అందరికీ తెలుసు. నాకు పెళ్లికి ముందే రెండున్నాయి. ఒకటి వీధి పెట్టింది, ఒకటి బడి పెట్టింది. ఆ రెండింటి మధ్య పడి నలిగి, నా బతుకులో జరగాల్సిన ఒక మంచి సంగతి జరగకుండా పోయింది. ఇన్నేళ్లయింది కదా, ఇప్పుడు ఏడుపు రాదు. తలుచుకుంటే ఒళ్లు అలసిపోతుంది, అంతే.

మాది ఎమ్మిగనూరు. మా నాయన మగ్గం నేసేవాడు. సొంత మగ్గం కాదు, ఇంకొకరి ఇంట్లో గుంటలో కూర్చుని నేయడం. ఎప్పుడో కరువొచ్చినప్పుడు మా తాత పెళ్లాం బిడ్డలతో తుగ్గలి నుంచి నడిచి వచ్చి ఇక్కడ పడ్డాడు. వీధిలో మమ్మల్ని 'అంబలోళ్లు' అనేవాళ్లు. ఆ పేరు ఎలా వచ్చిందంటే మా అవ్వ ఒకటి చెప్పేది, వీధి ఒకటి చెప్పేది. కరువులో దారిన పోయేవాళ్లకు కుండలతో అంబలి పోసినవాళ్లమని మా అవ్వ. గంజి కేంద్రం దగ్గర అందరికన్నా ముందు ముంత పట్టుకుని నిలబడినవాళ్లమని వీధి. పోసినవాళ్లమో తాగినవాళ్లమో తేల్చేవాళ్లు ఎవరూ లేరు. మా అవ్వ మాత్రం ఆ మాట వస్తే గొంతు పెంచేది.

మా వైపు ఇంటిపేర్లన్నీ దాదాపు ఇలాంటివే. ఎవరూ కూర్చుని ఆలోచించి పెట్టుకున్నవి కావు. సున్నం కాల్చినవాళ్లు సున్నపోళ్లు. ఏ ముత్తాతకో కాలు సొట్టయితే మునిమనవళ్ల దాకా కుంటోళ్లే. ఊరు విడిచి వచ్చినవాళ్లకు ఆ విడిచిన ఊరే ఇంటిపేరు. అలా ఆదోనిలో ఎమ్మిగనూరోళ్లు ఉంటారు, ఎమ్మిగనూరులో ఆదోనోళ్లు ఉంటారు. కులంతో పని లేదు, మతంతో పని లేదు. ఒకే ఊరి పేరు గుడికి పోయేవాళ్లకూ ఉంటుంది, చర్చికి పోయేవాళ్లకూ ఉంటుంది. ఇంత గాలివాటంగా వచ్చిన పేర్లను పట్టుకుని పెళ్లిళ్లు చేస్తారు, చెడగొడతారు.

నన్ను బడిలో వేసిన రోజు నాకు బాగా గుర్తు. అయ్యవారు రిజిస్టరు తెరిచి, తలెత్తకుండా, "ఇంటిపేరు?" అన్నాడు. మా నాయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక వరసలో మా వీధివాళ్లే ఉన్నారు. అందరికీ తెలిసిన పేరే కదా, చెప్పడానికేం అని నేను ఆయన మొహం వైపు చూశాను. ఆయన "తుగ్గలి" అన్నాడు. అయ్యవారు రాసేశాడు. దారిలో అడిగితే, "అంబలోల్ల పాప అంటే బడిలో నవ్వుతారు. నువ్వు సదువుకోవల్ల. తుగ్గలి అంటే ఊరి పేరు, గౌరవంగా ఉంటాది" అన్నాడు. నాకోసమే అన్నాడు. ఆ సంగతి నేనెప్పుడూ కాదనలేదు.

కానీ బడిలో నవ్వనే నవ్వారు. వీధి పిల్లలకు రిజిస్టరుతో ఏం పని? "అంబలీ, ఉప్పేసినావా?" అని వెనకబడేవాళ్లు. తుగ్గలి అనే పేరు కాగితాల్లో మాత్రమే పెరిగి పెద్దదైంది. పదో తరగతి సర్టిఫికెట్లోకి వచ్చింది, టీచరు ట్రైనింగులోకి వచ్చింది, డెబ్బైల చివర ఉద్యోగం వచ్చినప్పుడు ఆర్డరులోకీ వచ్చింది. ఎమ్మిగనూరుకు బస్సులో అరగంట దూరంలో ఒక పల్లె బడి. అక్కడ నేను తుగ్గలి టీచరమ్మని. సాయంత్రం బస్సు దిగితే అంబలోళ్ల పాపని. నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. రెండు చీరలున్నట్టు రెండు పేర్లు, దేని చోట అది.

ఉద్యోగం వచ్చిన ఏడాదికి ఆదోని సంబంధం వచ్చింది. అబ్బాయి ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. మాకు దూరపు చుట్టం ఒకామె, "అంబలోల్ల పాప, బంగారట్లాంటి పిల్ల" అని వాళ్లకు చెప్పింది. వాళ్ల ఇంటిపేరు తుగ్గలి అని మాకూ చెప్పింది. మా నాయనకు అప్పుడైనా తట్టాలి కదా! తట్టలేదు. ఆయన లెక్కలో మా ఇంటిపేరు అంబలే. రిజిస్టరులో రాయించింది బడి కోసం, అది బడితోనే అయిపోయింది. నాకూ తట్టలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. నా ధ్యాస వేరే చోట ఉంది.

చూడటానికి వచ్చిన రోజు అబ్బాయి నన్ను వంట వచ్చా, పాట వచ్చా అని అడగలేదు. "పిల్లోల్లకి అన్నిటికన్నా కష్టమైన అక్షరం ఏది టీచరమ్మా?" అన్నాడు. "ఝ" అన్నాను. "మా ప్రెస్సులో ఝ ఒక్కటే ఉండాది. అదీ తోక ఇరిగింది. ఝాన్సీ అని పేరుండే పెండ్లికూతురి శుభలేఖొస్తే మేం సచ్చినట్లే" అన్నాడు. గదిలో పెద్దవాళ్లు ఉన్నారని కూడా చూడకుండా నవ్వేశాను. వేళ్ల కొసలు సీసంతో నల్లబడి ఉన్నాయి. కడుక్కున్నా పోయే నలుపు కాదు. నాకు ఆ మనిషి నచ్చాడు. ఎందుకు నచ్చాడంటే చెప్పలేను, నచ్చాడు. ఆ వారమంతా బడిలో బోర్డు మీద ఝ రాసిన ప్రతిసారీ నాలో నేనే నవ్వుకున్నాను.

తాంబూలాలు పుచ్చుకునే రోజు వాళ్ల తరఫున పది మంది వచ్చారు. అందరికీ పెద్ద, అబ్బాయి పెదనాయన. తండ్రి లేడు, ఆయన మాటే మాట. చాపలు పరిచాం, ఆకు వక్క పెట్టాం. అంతా సవ్యంగా జరుగుతుండగా మా అమ్మకు ఉత్సాహం ఎక్కువైంది. లోపలికి పోయి పెట్టెలోంచి నా ఉద్యోగం ఆర్డరు తెచ్చింది. "మా పాప గవర్మెంటు ఆర్డరు సూడండి అన్నా" అని పెదనాయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు తగిలించుకుని గట్టిగా చదివాడు. నా పేరు ముందున్న మాట దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు.

"తుగ్గలా? మీరు అంబలోల్లు గదప్పా?"

మా నాయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. మాలో గోత్రాలు ఎవరికీ సరిగ్గా తెలియవు, చూసేది ఇంటిపేరొక్కటే. ఇంటిపేరు ఒకటైతే ఒక కడుపున పుట్టినట్టే, అన్నాచెల్లెళ్ల వరస. పెదనాయన ఆర్డరు మడిచి చాప మీద పెట్టాడు.

"నోటి మాట నమ్మల్లా, గవర్మెంటు రాత నమ్మల్లా? తప్పయిపోతాదప్పా. అన్నాసెల్లెలికి పెండ్లి సేసినోల్లమవుతాం."

"బస్టాండు కాడ తుగ్గలి టైలరుండాడు, సాయిబు. ఆయప్ప గూడా మీకు అన్నదమ్ముడేనా?" అని మా నాయన గట్టిగానే అడిగాడు.

"ఆయప్ప మాకు పిల్లనిస్తామని రాలేదు గదా!"

ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. అబ్బాయి తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన కూడా ఏమీ అనకపోవడం ఆ రోజు నాకు అన్నిటికన్నా ఎక్కువ నొప్పి. పోతూ పోతూ పెదనాయన ఒక దారి చూపించాడు. తుగ్గలికి పోయి, మా మూలం వేరు, వాళ్ల మూలం వేరు అని అక్కడి పెద్దవాళ్లతో రాయించుకొస్తే అప్పుడు చూద్దామన్నాడు. మంచి మనిషే. భయం, అంతే.

ముందు మేం చేసిన తప్పు, తుగ్గలికి పోకుండా రిజిస్టరు వెనక పడటం. బడిలో పేరు మార్పించుకుంటే సరిపోతుందనుకున్నాం. ఆ అయ్యవారు రిటైరైపోయాడు. కొత్త హెడ్మాస్టరు, "రిజిస్టరు నా చేతిలో లేదమ్మా, పై ఆఫీసుకు పో" అన్నాడు. పై ఆఫీసులో, "పేరు మారిస్తే సర్టిఫికెట్లన్నీ మారల్ల, ఆర్డరూ మారల్ల. ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అన్నారు. కాళ్లరిగేలా తిరిగాం. సెలవు పెట్టిన ప్రతి రోజూ మా బడి పిల్లలు అరుగు మీద కూర్చుని ఇళ్లకు పోయేవాళ్లు. తల ప్రాణం తోకకొచ్చాక, సరే తుగ్గలికే పోదామన్నాడు మా నాయన.

ఆదోనిలో దిగి పత్తికొండ బస్సు, పత్తికొండలో ఇంకో బస్సు. వానలు పడిన రోజులు. బస్సులో ఒకాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "రాల్లకొచ్చినారా?" అన్నాడు. వాన పడితే ఆ జొన్నగిరి పక్క చేలల్లో వజ్రాలు తేలతాయని యాడాడి నుంచో జనం వచ్చి నేల చూస్తూ తిరుగుతారు. "లేదప్పా, ఇంటిపేరు ఏరుకునేకి వచ్చినాం" అన్నాడు మా నాయన. ఆయన అన్ని రోజుల్లో వేసిన హాస్యం అదొక్కటే.

తుగ్గలిలో కనిపించిన ప్రతివాళ్లనీ మా నాయన, "ఈ ఊర్లో తుగ్గలోల్లు అనేవాల్లు ఎవరప్పా?" అని అడిగాడు. రచ్చకట్ట మీద ముసలివాళ్లు నవ్వారు. "ఈడ అందరూ తుగ్గలోల్లే గదా! ఈడ ఆ పేరు ఎవరికి పెడ్తారు? బయటికి పోయినోల్లకి బయటోల్లు పెట్టుంటారు." అది నిజం. తుగ్గలిలో తుగ్గలి ఇంటిపేరుతో ఒక్క కొంప లేదు. నేను చెవిలో చెప్పాను, అంబలోళ్లు అని అడుగు నాయనా అని. ఆయన వినలేదు. ఇంకో వీధికి పోయి మళ్లీ అదే అడిగాడు. తను పుట్టిన ఊర్లో, పది మందిలో, ఆ మాట ఆయన నోట రాలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చాం. బస్సులో నేను ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత ఆయనకు జ్వరం, నాకు సెలవుల్లేవు, పరీక్షలు. రెండు నెలలకు పైగా పోయింది. మళ్లీ పోయినప్పుడు నేనే అడిగాను. బస్సు దిగగానే గడప ముందు చేటలో కొర్రలు చెరుగుతున్న ఒక అవ్వను అడిగాను. "అంబలోల్లు తెలుసా అవ్వా?"

చేట కింద పెట్టేసింది. "తెలీకేం? కరువులో గంజి పోసేకాడ తెల్లారకముందే పోయి నిలబడేటోల్లు. ముసిలాయప్పకి అందరికన్నా పెద్ద ముంత. అంబలోడొచ్చినాడు, కుండ దాసిపెట్టండి అనేటోల్లు. నేను సిన్నపిల్లని. తర్వాత ఊరిడిసిపెట్టి పోయిరి. మీరు వాల్లేనా? బతికిపోయినారే!" అని మా నాయన గడ్డం పట్టుకుంది.

మా అవ్వ చెప్పింది కాదు, వీధి చెప్పిందే నిజం. మా నాయన అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. తర్వాత ఆయనే లేచి, ఊరి పెద్దలను పిలిపించి, ఆ అవ్వ చెప్పింది ఒక్క మాట వదలకుండా రాయించాడు. ముంత సంగతితో సహా. "అది వద్దులే నాయనా" అన్నాను. "ఉండనీమ్మా. అది ఉంటేనే నమ్ముతారు" అన్నాడు. అవ్వ వేలిముద్ర వేసింది, పెద్దలు సంతకాలు చేశారు.

వచ్చే దారిలోనే ఆదోనిలో దిగి వాళ్ల ఇంటికి పోయాం. పెదనాయన కాగితం చదివాడు. ఆయనకు గట్టిగా చదివే అలవాటు. గంజి, కుండ, పెద్ద ముంత, అన్నీ ఆ ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ వినేలా చదివాడు. మా నాయన గోడకు ఆనుకుని నిలబడి, ఎవరి వైపూ చూడకుండా అంతా విన్నాడు. నన్ను బడిలో వేసిన రోజు దాచింది ఈ మాటనే. ఇప్పుడు నాకోసమే దాన్ని ఇంకొకరి నట్టింట్లో చదివించాడు. 

చదవడం అయ్యాక పెదనాయన కళ్లజోడు తీశాడు. "సరేప్పా. మీరు వేరే, మేం వేరే. నాకు అనుమానం పోయింది. మావాడికి ఇంగా యాడా కుదరలేదు. దేవుని దయ" అన్నాడు. మా నాయన మొహంలో వెలుగు చూసి ఎన్నాళ్లయిందో! 

అప్పుడే అబ్బాయి ప్రెస్సు నుంచి వచ్చాడు. గడపలో చెప్పులు విడుస్తూ నన్ను చూశాడు. లోపల ఏం జరిగిందో ఆయనకు తెలియదు. మొహమంతా ఆదరంగా పెట్టుకుని అడిగాడు.

"బాగుండావా సెల్లెమ్మా? ఎప్పుడొచ్చినారు?"

పెదనాయనే తేరుకుని, "ఇంగ అట్ల అనగాకురా. వరస కుదిరింది. వీల్లు వేరే, మనం వేరే" అని కాగితం చూపించాడు. అబ్బాయి ఆ కాగితం అందుకోలేదు. తల వంచుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఇన్ని నెలలూ అట్లే అనుకోమంటిరి పెదనాయనా. మొదట్లో నాకు శానా కష్టమాయె. బలవంతాన అనుకుంటి. ఇప్పుడు నిజంగానే అట్ల అయిపోయింది. యాడ మార్చుకునేది?"

అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయన కళ్లు చూస్తే తెలుస్తోంది. కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు. ఆయన్ను తిట్టాలా, పెదనాయననా, మా నాయననా, రిజిస్టరునా? అందరూ నా వైపే చూస్తున్నారు. అడిగినదానికి ఏదో ఒకటి చెప్పాలి కదా.

"బాగుండాను అన్నా" అన్నాను.