కార్బురేటర్‌కి కట్టిన చీటీ

అట్టపెట్టె మూత తియ్యగానే పాత పెట్రోలు వాసన గుప్పుమంది. కారులో పోయించుకునేటప్పుడు వచ్చే ఘాటు వాసన కాదది. ఏళ్ళ తరబడి ఎండి, జిగురై, లోహానికి అంటుకుపోయి, కాస్త పుల్లగా, కాస్త వార్నిష్‌లా ముక్కులో దిగబడే వాసన. ఇక్కడ అమెరికన్లందరూ గ్యాస్ అంటారు గానీ, మా నాన్న నలభై ఏళ్ళకి పైగా ఈ నోవై ఊళ్ళో ఉన్నా పెట్రోలనే అంటాడు, అందుకని నాకూ అదే మాట. అమ్మా నాన్నా ఇల్లు అమ్మేసి చిన్న కాండో అపార్ట్‌మెంట్‌కి మారుతున్నారని పోయిన శనివారం గరాజ్ ఖాళీ చెయ్యడానికి వెళ్ళి, పై అరలో గోడవైపుకి తోసేసి ఉన్న ఈ పెట్టె దించాను. లోపల ఒక కార్బురేటర్, ఇంజిన్‌కి పెట్రోలూ గాలీ కలిపి పంపే ముక్క, దానికి సన్నటి తీగతో కట్టిన చీటీ. చీటీ మీద నాన్న గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలు. లక్షణం: గట్టిగా తొక్కితే ఇంజిన్‌కి బలం చచ్చిపోతోంది. కారణం: బిగించడంలో తప్పు, ఉష. ఆ ఉషని నేనే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, ఇప్పుడు నలభై రెండు. ఆ చీటీ చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

నా చిన్నతనమంతా ఆ గరాజ్‌లోనే గడిచింది. నాన్న పగలు ఆఫీసులో గేర్‌బాక్సులు డిజైన్ చేసేవాడు, శనాదివారాలు ఇంట్లో తన మజిల్ కారు, అంటే పాతకాలపు జోరు బండి, దాని మీద పడేవాడు. తుప్పు పట్టి ఎవరి పెరట్లోనో పడి ఉన్న రెండు తలుపుల బండి అది, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, నేను పుట్టకముందే మా ఇంటికొచ్చింది. బయట మోకాలి లోతు మంచు, లోపల మూలన హీటరు బుసలు కొడుతుంటే, నేను స్వెటర్ చేతులు పైకి మడిచి నాన్న పక్కనే బండి కిందికి దూరేదాన్ని. వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్ అనే గేర్ల డిప్పలో పోసే నూనె ఇంగువ కంపు కొడుతుందనీ, ఆ చేతులతో పులిహోర ముట్టుకుంటే ఊరుకోననీ అమ్మ తలుపు దగ్గర నిలబడి గొణిగేది. అయినా తన పాత ఇడ్లీ రేకులు మాకిచ్చింది కూడా అమ్మే. విప్పిన మరలూ, జెట్లూ, స్ప్రింగులూ వరసగా ఆ గుంటల్లో పెట్టుకుంటూ పోతే, మళ్ళీ బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తడుముకోనక్కర్లేదు.

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం నాన్నే నేర్పాడు. పదేళ్ళకే నా చెవి నాన్న చెవి కంటే చురుకని నాన్నే అనేవాడు. బండి కదిలేటప్పుడు కింద ఎక్కడో టక్కుమంటోందని నాన్నా, ఆయన ఆఫీసు స్నేహితుడు మూర్తి అంకులూ రెండు వారాలు గేర్‌బాక్స్ వెతికారు. నేను కింద పడుకుని, గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిరిగే పొడుగాటి షాఫ్టుని చేత్తో అటూ ఇటూ తిప్పి, దాని చివరి జాయింట్ వదులైందని చెప్పాను. అదే నిజమైంది. ఆ రోజు నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని వీధి చివరిదాకా తీసుకెళ్ళాడు. ఆ జాయింట్‌కీ చీటీ కట్టాం, ఎందుకంటే మా గరాజ్‌లో పాడైన ప్రతి ముక్కకీ చీటీ కట్టాల్సిందే: లక్షణం, కారణం, తేదీ. విప్పి కళ్ళతో చూడకుండా కారణం రాయకూడదన్నది నాన్న పెట్టిన రూలు. పాడైన ముక్కని పాడైనట్టే దాచాలన్నది రెండోది.

నాకు పన్నెండేళ్ళొచ్చిన వేసవిలో కార్బురేటర్ మొత్తం నాకు వదిలేశాడు. అమ్మ పాత ప్రెషర్ కుక్కర్‌లో ముక్కలన్నీ నానబెట్టి, పళ్ళ బ్రష్‌తో తోమి, అతుకుల మధ్య కొత్త గ్యాస్కెట్లు వేసి, నేనొక్కదాన్నే బిగించాను. బిగించిన ప్రతి స్క్రూ తల మీదుగా అమ్మ ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. తర్వాత ఎవరైనా విప్పితే గీత తెగుతుంది, తెలిసిపోతుంది. సెప్టెంబరంతా బండి పులిలా పరిగెత్తింది.

అక్టోబర్లో దసరా వచ్చింది. ఆయుధ పూజకి మా డ్రైవ్‌వేలో ఆరేడు కుటుంబాలు చేరాయి. గారెలు, బొబ్బట్లు, కాగితం పళ్ళేల్లో పులిహోర, ఎండుటాకుల వాసన. కార్బురేటర్ ఎలా మెరుస్తోందో అందరికీ కనిపించాలని నాన్న దాని మీది ఎయిర్ ఫిల్టర్ తీసి పక్కన పెట్టాడు. బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మంత్రాలు అయ్యాక గుప్పెడు పసుపు అక్షింతలు తీసుకుని, పెళ్ళికూతుర్ని దీవించినట్టు ఇంజిన్ మీద చల్లాడు. పెట్రోలు నిలిచే రెండు గిన్నెల్లోకి దిగే గొట్టాలు పైకి తెరుచుకుని నిలబడి ఉంది నా కార్బురేటర్. ఒక్క గింజ లోపల పడినా చాలు. అంతమందిలో నాన్నని ఏమంటాను?

పూజ అయిన వెంటనే మూర్తి అంకుల్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నాన్న బండి తీశాడు. నిదానంగా పోనిస్తే బాగానే పోయింది, గట్టిగా తొక్కేసరికి దగ్గి, తడబడి, రోడ్డు మధ్య నీరుగారిపోయింది. కాసేపాగితే మళ్ళీ మామూలే. వెనక్కొచ్చి ప్లగ్గులు మార్చాడు, పెట్రోలు పంపూ, దాని ఫిల్టరూ మార్చాడు. మూర్తి అంకుల్ చేతులు కట్టుకుని నిలబడి, ఆడపిల్ల చేతికిస్తే అంతే మరి, పోయి బొమ్మలతో ఆడుకోమ్మా అని నవ్వాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంది.

"నాన్నా, పెట్రోలు నిలిచే గిన్నెలు విప్పి చూద్దాం. అక్షింతలు పడ్డాయేమో," అన్నాను, ఆ సాయంత్రమూ, మర్నాడూ, ఆ తర్వాతి వారమూ. విప్పక్కర్లేదన్నాడు. కొత్త కార్బురేటర్ తెప్పించి బిగించాడు. బండి బాగైపోయింది. అంతే, తప్పు నాదేనని తేలిపోయిందట! విప్పి చూడకుండానే చీటీ రాశాడు. స్కూలు చదువు పాడవుతోందని చెప్పి గరాజ్ తాళంచెవి నా దగ్గర్నుంచి తీసేసుకున్నాడు. పోనీలేవే, ఆడపిల్లవి నీకెందుకా మురికి అని అమ్మ సర్దిచెప్పింది. ఆ చలికాలమంతా వంటింట్లో కూర్చుని, గోడ అవతల నుంచి వచ్చే ఇంజిన్ చప్పుడు వింటూ లెక్కలు చేసుకున్నాను. మళ్ళీ స్పానర్ పట్టుకోలేదు. పెద్దయ్యాక ఫార్మసీ చదివాను. మందులు తప్పు లేకుండా ఇస్తాను, మంచి ఉద్యోగమే. కానీ వీధిలో పాత ఇంజిన్ చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ కాళ్ళు ఆగిపోతాయి. నాకు దక్కాల్సిన బతుకేదో ఎవరో లాగేసుకున్నట్టుంటుంది. ఎవరో ఏమిటి, మా నాన్నే లాగేసుకున్నాడు.

శనివారం ఆ కార్బురేటర్‌ని కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. వెనక గిన్నె మీద నా ఎర్ర గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ముందు గిన్నె నాలుగు స్క్రూల మీదా గీతలు తెగి, పక్కకి జరిగి ఉన్నాయి. ఎవరో విప్పి మళ్ళీ బిగించారు. నేనూ విప్పాను. లోపల, పెట్రోలు పీల్చుకునే సన్న రంధ్రపు ముక్క, అంటే జెట్, దాని నోట్లో, గోధుమరంగుకి తిరిగిన బియ్యపు గింజ ఒకటి జిగురులో అతుక్కుని ఉంది. గట్టిగా తొక్కితే వచ్చి రంధ్రానికి అడ్డం పడేది, కాలు తీస్తే జారిపోయేది. అంతే జబ్బు.

గరాజ్‌లో ఇప్పుడు అప్పటివేవీ లేవు. బండి ఎప్పుడో అమ్మేస్తే ఒహాయో రాష్ట్రానికి వెళ్ళిపోయింది, హీటరు లేదు, ఇడ్లీ రేకులు ఏ చెత్తలో కలిశాయో. మరకల చోట సిమెంటు మీద బూడిదరంగు పెయింట్ వేశారు. గోడకి నా ఎలక్ట్రిక్ కారు కోసం పెట్టించిన చార్జరొకటి వేలాడుతోంది. ఆ కారుకి స్క్రూడ్రైవర్ ఆనించి వినడానికి ఏముంది?

డ్రైవ్‌వేలో మడత కుర్చీలో కూర్చున్న నాన్న ఒళ్ళో కార్బురేటర్ పెట్టి, గింజ చూపించాను. ఆశ్చర్యపోలేదు.

"తెలుసమ్మా," అన్నాడు. "ఆ డిసెంబర్లోనే విప్పి చూశాను."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"అప్పటికే అందరికీ నీ పేరు చెప్పేశాను కదా," అన్నాడు.

పాడైన ముక్కని పాడైనట్టే దాచాలన్న రూలు మాత్రం తప్పలేదు మహానుభావుడు, గింజని కూడా కదపలేదు. పర్సులోంచి పెన్ను తీసి చేతిలో పెట్టాను. ఇప్పుడెవరు చూస్తారే అన్నాడు. నేను చూస్తానన్నాను. పాత కారణమూ, నా పేరూ కొట్టేశాడు. కారణం దగ్గర అక్షింత గింజ అని రాశాడు. పేరు కూడా రాయమన్నాను. తన పేరు రాశాడు. చివరి గడిలో ఉన్న పాత తేదీ కూడా కొట్టేసి, అలవాటు ప్రకారం అక్కడ పెన్ను ఆపాడు.

"తేదీ ఏం వెయ్యను? ఇవాళ్టిదా?"

"కాదు నాన్నా. నీకు ఎప్పుడు తెలిసిందో, ఆ తేదీ వెయ్యి."