కుంటిన ఇంజన్

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆర్నెల్లు కూర్చుని అరచేతంత ఆవిరి ఇంజన్ చేశాను. ఇత్తడి ముక్కను లేత్ మిషన్ మీద తిప్పి సిలిండర్ చేసింది కూడా నేనే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు స్పిరిట్ దీపం అంటించాను. చక్రం తిరిగింది.

ముందు గదిలో ఆగిపోయిన మరమగ్గం పక్కన అమ్మ కూర్చుని ఉంది. మేం దాన్ని సాంచ అంటాం. దానిమీద ఆమెది నలభై ఏళ్ల పని. ఇటు చూడకుండానే అన్నది: "ఒక దిక్కు కుంటుతుంది, బిడ్డా."

నాకు ఒళ్లు మండింది. "ఇది సాంచ కాదే, అమ్మా. నీకేం ఎరుక?"

"సప్పుడైతే ఇనబడుతుంది గద."

రెండు రోజులు దాన్ని ముట్టలేదు. మూడో రోజు విప్పితే, పిస్టన్‌కు ఒక వైపు ఆవిరి ఆలస్యంగా అందుతోందని తేలింది. వాల్వును వెంట్రుకవాసి జరిపాను.

మళ్లీ దీపం అంటించేసరికి సాంచ నడుస్తోంది. ఆ మోతలో నా ఇంజన్ నాకే వినబడలేదు. కరెంటు పోతే తప్ప మా ఇంట్లో సాంచ ఆగదు. పండుగనాడైనా అమ్మ ఒక పూట నడుపుతుంది.

ఆమె లేచింది. బట్ట సగంలో ఉండగానే స్విచ్ బంద్ చేసి, షెడ్డు గడపలో వచ్చి కూర్చుంది.

"ఇగ నడుపు. జర ఇననియ్యి."