ఎవరికి తెరుచుకుంది?

కగ్వా ఏ మాటా ఊరికే నమ్మడు. "సైటు తెరుచుకుంది" అంటే "ఎవరికి?" అంటాడు. "వాన వెలిసింది" అన్నా "ఎవరికి?" అనే అంటాడు. కంపాలాలో వెబ్‌సైట్లు తయారుచేసే ఆ చిన్న ఆఫీసులో ఒకసారి ఎవరో "అరటికాయ మటోకే వేడిగా ఉంది, రండి" అన్నారు. "ఎవరికి?" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని భోజనానికి పిలవడం మానేశారు. మూలబల్ల మీద పదకొండు పాత ఫోన్లను వరసగా పేర్చుకుని, వాటి ఎదురుగా కూర్చుని తినేవాడు.

ఆ సాయంత్రం ఐదింటికి కంటి ఆసుపత్రి సైటు అప్పగించాలి. కగ్వా పరీక్షించి సంతకం పెట్టనిదే ఏదీ గడప దాటదు.

"ఇవాళ సంతకం పెట్టకపోతే రేపట్నుంచి రావద్దని చెప్పు ఆ మహానుభావుడికి," అని యజమాని ముగేర్వా నల్వోగాను పంపాడు. ఆ సైటుకు రూపమిచ్చింది ఆమే.

ఆమె వెళ్ళేసరికి కగ్వా కళ్ళకు తువ్వాలు కట్టుకుని, ఫోను ఆ పేజీని పైకి చదువుతుంటే వింటున్నాడు.

"అన్నా, అంతా బాగానే కనిపిస్తోంది."

"ఎవరికి?"

"నాకే! నా రెండు కళ్ళకి!"

"నీ ఆకుపచ్చ బొత్తాన్ని ఇది 'బొమ్మ' అంటోంది. నొక్కితే ఏమవుతుందో చెప్పదు. నాలుగో ఫోన్లో ఆ బొత్తామే లేదు, అంతా తెలుపు."

"అంత పాత ఫోను ఇంకా ఎవరు వాడుతున్నారన్నా?"

అప్పుడే ఆయన సొంత ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగి ఆగింది. ఎత్తలేదు.

"మసాకాలో నాంబి టీచరమ్మ. చూపు పోయి మూడేళ్ళు. నేను పంపిన పేజీ తన ఫోన్లో పనిచేస్తే ఒక మిస్డ్‌కాల్, లేకపోతే రెండు. ఇలా పదకొండుమంది ఉన్నారు. వాళ్ళ దగ్గరున్న ఫోన్ల రకాలే వెతికి కొన్నాను."

"మాట్లాడరా?"

"నాతో ఏముంటుంది మాట్లాడ్డానికి?"

నల్వోగా తువ్వాలు తీసుకుని తన కళ్ళకు కట్టుకుంది. "బొమ్మ. బొమ్మ. బొమ్మ," అంది ఫోను. నెలరోజులు చెక్కిన పేజీలో ఆమెకే దారి దొరకలేదు. తువ్వాలు విప్పి, కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది. బొత్తానికి "డాక్టరు అపాయింట్‌మెంట్" అని పేరు పెట్టింది. నాలుగో ఫోను మింగలేని సోకులన్నీ పీకేసింది. కగ్వా పేజీని మళ్ళీ టీచరమ్మకి పంపాడు.

ఐదింటికి పది నిమిషాలుందనగా ఆయన ఫోను మోగింది.

"ఒకటి!" అంది నల్వోగా.

అది ఆగలేదు. మోగుతూనే ఉంది. కగ్వా దానివంక పామును చూసినట్టు చూశాడు.

"ఇలాంటి గుర్తు మేం పెట్టుకోలేదే!"

"అది నిజంగా చేసిన కాల్ అన్నా! ఎత్తు!"

ఎత్తి, లేచి నిలబడ్డాడు. "ఆఁ టీచరమ్మా... బుధవారానికి అపాయింట్‌మెంట్ దొరికిందా?... తిన్నానమ్మా... లేదు, ఒక్కణ్ణే... జలుబా? కొంచెం ఉంది..."

గుమ్మంలోకి ముగేర్వా వచ్చాడు. "సంతకం అయిందా?"

"ష్! ఆయన మాట్లాడుతున్నాడు," అని నల్వోగా కాగితం జరిపింది.

కగ్వా ఫోను చెవి నుంచి తీయకుండానే ఎడమచేత్తో సంతకం గీకి, అదే చేత్తో యజమానిని అవతలికి పొమ్మన్నాడు.