జమ్మలమడుగులో శనివారం పొయ్యి

మా పాపకు చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి కాబట్టి, మా తమ్ముడుండే ప్రొద్దుటూరులోనే చేద్దామన్నాను. బంగారానికి పేరుపడ్డ ఊరు, పుట్టినిల్లు, ఇంతకంటే ఏం కావాలి? మా అత్తయ్య ఒప్పుకోలేదు. ఆమెది తెనాలి. మూడు తరాలుగా మాంసం ముట్టని ఇల్లు. "నలభై మందిని తీసుకొస్తాను, అక్కడేం తింటారమ్మాయ్? మీ సీమలో కోడి, పొట్టేలు తప్ప ఇంకేం దొరుకుతుంది?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక్కరోజు నాతో వచ్చి చూడండి, మీకు తిండి దొరక్కపోతే తెనాలిలోనే చేద్దామని పందెం కట్టినట్టు అనేశాను. సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. మా తమ్ముడికి ముందే చెప్పకూడదట. "చెబితే ఆ పూటకి ఇల్లంతా కడిగి విందు పెడతారు. నేను ఊరు చూడాలి, విందు కాదు."

అలా ఒక శనివారం తెల్లవారుజామున ఎర్రగుంట్లలో రైలు దిగాం. స్టేషను బయట సిమెంటు లారీల దుమ్ములో షేర్ ఆటోలు వరసగా ఉంటాయి. ప్రొద్దుటూరుకు మనిషికి నలభై తీసుకున్నాడు, అరగంట ప్రయాణం. అత్తయ్య ఎక్కీ ఎక్కగానే డ్రైవరును, మీ ఊళ్ళో శాకాహార హోటళ్ళు ఉన్నాయా బాబూ అని అడిగారు. అతను అద్దంలోంచి ఆమె వంక చూసి, "ఏందమ్మా అట్లంటావు? పాత బజారులో అడుగడుక్కీ ఉండాయి. ఆడ శెట్లే శానామంది. వాళ్ళేం గాలి తిని బతుకుతాండారా?" అన్నాడు. నేను రోడ్డు వైపు తిరిగి నవ్వుకున్నాను.

పాత బజారు అందం పొద్దున ఏడు గంటలప్పుడే చూడాలి. బంగారు అంగళ్ళ షట్టర్లు ఇంకా తెరవరు, సందులన్నీ మనవే. అమ్మవారి గుడి గోపురం చూసుకుంటూ నడిస్తే, రెండు సందుల అవతల బొరుగులు నానబెట్టి పిండుతున్న బండి కనిపిస్తుంది. మరమరాలను మేం బొరుగులంటాం. వాటికి తాలింపు పెట్టి, పుట్నాలపొడి చల్లితే ఉగ్గాని. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీలు. ఇద్దరికీ కలిపి వంద దాటలేదు. తర్వాత ఇంకో అంగట్లో ఎర్రకారం దోసె. ఆ దోసె తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ కూడా అత్తయ్య ఇంకోటి చెప్పారు. నేను గెలిచేశాననుకున్నాను. ఆమె చెయ్యి కడుక్కుని, "ఇది టిఫినే కదా. టిఫిను ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. భోజనం మాట చూద్దాం" అన్నారు. అత్తగార్లకు ఓటమి అంత త్వరగా తెలియదు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఎప్పుడూ బస్సులుంటాయి. ముప్పావుగంట పట్టింది. మన రాష్ట్రం ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో టికెట్టు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చేతి సంచిలోనే ఉంచుకోండి. పాత ఊళ్ళో దిగి గుడి చూసుకుని, రాతి గోడల మిద్దెల మధ్య ఇరుకు వీధులన్నీ తిరిగాం. పన్నెండున్నర అయ్యేసరికి కాళ్ళు లాగాయి, ఆకలి మొదలైంది. బస్టాండు వైపు ఏ బోర్డు చూసినా నాటుకోడి, తలకాయ, బిర్యానీ. అత్తయ్య ఒక్కో బోర్డునూ ఆగి, నాకు వినబడేలా చదివారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

చివరికి పాత వీధి మలుపులో, చిన్నప్పుడు నాన్నతో వచ్చిన సంగటి అంగడి కనిపించింది. అది కోడిపులుసుకు పేరు పొందింది. ఇంకో దారి లేక లోపలికి తొంగి చూశాను. నడిపేది కాశింబీ. అప్పటి మనిషే, జుట్టు మాత్రం నెరిసింది. మాంసం లేనివి ఏవైనా ఉన్నాయా అని అడిగాను.

"ఈ పొద్దు అన్నీ అవే కదమ్మా. శనివారం. ఈ వీధిలో సగం మందికి ఒక్కపొద్దు. కోడి వండితే తినేదెవరు? నేనొక్కదాన్నే తినల్ల!"

సీమలో చాలా ఇళ్ళల్లో శనివారం వెంకటేశ్వరస్వామి పేరున ఒక్కపూటే తింటారు, ఆ పూట మాంసం ఉండదు. నేను చూస్తూ పెరిగిన అలవాటే అయినా హోటలు కూడా పాటిస్తుందని నాకు తట్టలేదు. ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా అప్పుడే అత్తయ్య గుమ్మంలో నిలబడి, అందరికీ వినబడేలా అడిగారు: "నిన్న కోడి వండిన పొయ్యి మీదేగా ఇవాళ ఇవీ వండారు?"

తింటున్నవాళ్ళు తలలెత్తారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాశింబీ గరిటె కింద పెట్టి, "మాటలెందుకు, రా, నువ్వే చూడు" అని అత్తయ్యను లోపలికి తీసుకుపోయింది. వెనకే నేనూ వెళ్ళాను. ముందు గదిలో గ్యాసు పొయ్యి కడిగి, మీద గుడ్డ కప్పి ఉంది. మాంసం గిన్నెలు గోనెసంచిలో కట్టి అటక మీద ఉన్నాయి. వంటంతా పెరట్లో, ఎర్రమన్నుతో అలికిన కట్టెల పొయ్యి మీద జరుగుతోంది. సంగటి గెలికే కట్టె కూడా వేరే.

"ఇది శనివారం పొయ్యి. మా అత్త పెట్టింది. దీనిమీద ఇంతవరకూ కోడిగుడ్డు గూడా ఉడకలా. పొద్దున్నించి పస్తుండి ఒక్కసారి తినేటోళ్ళమ్మా వీళ్ళు. ఆ ఒక్క ముద్ద చెడిపితే ఆ పాపం యాడికి పోతాది? నాకే గదా?"

అత్తయ్య పొయ్యిని చూశారు, అటకను చూశారు. చెప్పులు గుమ్మం బయటే విప్పి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. రాగి సంగటి, దాని నడుమ గుంటలో నెయ్యి, శెనక్కాయల ఊరిబిండి, అంటే మీ వేరుశెనగ పచ్చడే, చింతపండు వేసి ఎనిపిన పుల్లగూర, పప్పు. మనిషికి ఎనభై రూపాయలు. అత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చున్నారు. అది పళ్ళకు అంటుకుని, మాట పెగలక, ముఖం చిత్రంగా అయింది. కాశింబీ నవ్వాపుకోలేక, "నమలగూడదమ్మా, మింగల్ల! పచ్చడిలో అద్దుకో, గుటుక్కుమను!" అంది. రెండో ముద్ద గుటుక్కుమంది. మూడో ముద్దకు అత్తయ్య తల ఎత్తలేదు. నేను చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళొచ్చేసరికి ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

ఇంకో ఊరూ చూసేద్దామని మధ్యాహ్నం ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాం, రెండు గంటల దారి. ఇటూ అటూ శెనగచేలు, మేం చీనీ అనే బత్తాయి తోటలు. పులివెందుల బస్టాండులో టీ తాగుతుండగా అత్తయ్య తెనాలిలో ఉన్న తన చెల్లెలికి ఫోను చేశారు. "ముహూర్తం ప్రొద్దుటూరులోనే. శుక్రవారం చెవులు కుట్టిస్తాం, శనివారం ఎవర్నీ కదలనివ్వను, సంగటి భోజనం ఉంది. వంటావిడను నేనే మాట్లాడాను. ఎవరు, ఏవిటి అని నన్నడగొద్దు. పొయ్యి చూశాను, చెయ్యి చూశాను. మీవాళ్ళకు మింగడం నేర్పించి తీసుకురా."

మా సీమను మాంసం తిండి ప్రాంతమని ఎగతాళి చేసినవాళ్ళతో ఇన్నేళ్ళూ వాదించాను. ఆ రోజు నేను వాదించలేదు, వాదించే అవసరమే రాలేదు. తనకు లేని ఒక్కపొద్దు కోసం ఒకామె వారం వారం రెండో పొయ్యి వెలిగిస్తోంది. దాన్ని ఎవరూ గొప్ప అనుకోకుండా ఊరంతా వచ్చి తిని పోతోంది. ఇలాంటి ఊళ్ళ మధ్య పుట్టినందుకు నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

మీరూ శాకాహారులైతే ఈ ఊళ్ళకు శనివారమే వెళ్ళండి. జమ్మలమడుగులో భోజనానికి ఒంటిగంటలోపే చేరుకోండి, ఆ తర్వాత కుండ అడుగు కనిపిస్తుంది. వచ్చే నెల మొదటి శనివారం మాత్రం వెళ్ళకండి. ఆ రోజు కాశింబీ మా పుట్టింట్లో ఉంటుంది.