మలేషియా ఫోను, మద్రాసు సిమ్ము, అక్క చెప్పని ఓటీపీ

వీడియో కాల్లో మా అక్క ప్రతి ఆదివారం కనిపిస్తూనే ఉంటుంది. కనిపించేది నుదుటి మీద బొట్టు, ఆ పైన తిరిగే ఫ్యాను. మిగతా అక్కను చూసి తొమ్మిదేళ్ళయింది. మైలాపూరులో పుట్టి, పెళ్ళయ్యాక మలేషియా చేరి, అక్కడి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన నాకు ఈమధ్య ఒకటే కోరిక పట్టుకుంది: ఆవిడ పక్కన కూర్చుని తిట్లు నేరుగా తినాలని. ముందే చెబితే "ఈ ఎండల్లో ఎందుకే, వద్దు" అంటుంది గనక చెప్పకుండానే చెన్నై విమానమెక్కాను.

నా ఫోను అక్కడి కంపెనీ వాయిదాల మీద ఇచ్చినది. అలాంటి ఫోన్లు కొన్ని వాళ్ళ సిమ్ముకు తప్ప ఇంకొకరి సిమ్ముకు పలకవు. తాళం వేసి ఇస్తారు. వాయిదాలు తీరాయి కాబట్టి అడిగి ఆ తాళం తీయించుకున్నాను. పక్కింటావిడ వాడే వేరే కంపెనీ సిమ్ము వేసి చూసి, సిగ్నలు వచ్చాకే పెట్టె సర్దుకున్నాను. రోమింగు పెట్టుకోలేదు. దానికి వాళ్ళు చెప్పిన ధర వింటే బీపీ మాత్ర వేసుకోవాల్సి వచ్చింది.

మైలాపూరు లాడ్జిలో దిగి, పొద్దున టిఫిను కాగానే దగ్గర్లోని ఫోన్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టు నడిపే ఆమె తెలుగావిడే. పాస్‌పోర్టు, వీసా కాగితం, లాడ్జి అడ్రసు తీసుకుని ఫోటో పట్టింది. ఇక్కడ తెలిసినవాళ్ళ నంబరొకటి కావాలంటే అక్కది ఇచ్చాను. "ఆ నంబరుకు ఓటీపీ పోయిందమ్మా, అడిగి చెప్పండి," అని తన ఫోను నా చేతికిచ్చింది.

"అక్కా, నేనే. చెన్నైలో ఉండాను. నీ ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పు."

దొంగలందరూ మొదలుపెట్టేది సరిగ్గా ఇట్లాగేనని అన్నాక గానీ తట్టలేదు.

"మా చెల్లెలు మలేషియాలో ఉండాది. మీరు గొంతులు గూడా దొంగిలిస్తా ఉండారంట, టీవీలో చూస్తానే ఉండా."

"అయ్యో, నిజంగా నేనే!"

"అట్నా? అయితే చెప్పు. చిన్నప్పుడు రోట్లో ఇడ్లీ పిండికి పొత్రం తిప్పింది ఎవురు, పక్కన కూచోని పిండి తోసింది ఎవురు?"

"తిప్పింది నేను. తోసింది నువ్వు."

"అబద్ధం! తిప్పింది నేను!"

"నీ మొహం. చేతులు కాయలు కాసింది నాకు. నువ్వు సగంలోనే లేచి పోతివి."



"దొంగైతే సరిగ్గా చెప్పుంటాడు," అంది అక్క. "ఇన్నేండ్లయినా అదే అబద్ధం. నువ్వేలే. ఎప్పుడొచ్చినావే?"

"ముందు ఓటీపీ చెప్పక్కా."

"ఫోన్లో ఎవురికీ చెప్పను. కావల్లంటే మాధవరం వచ్చి నా ఎదురుగా అడుగు. పాలకాలనీ బస్టాపు కాడ నిలబడి ఉంటా."

పెట్టేసింది. ఆవిడ మూడేళ్ళ కిందట మారిన ఆ మాధవరం ఇల్లు నేనెరగను. సిమ్ము లేదు, మ్యాపు లేదు. బస్సులు మారుతూ పోతే చౌకే గానీ నాకంత ఓపిక లేదు. కొట్టావిడే బేరమాడి ఐదొందలకు ఆటో ఎక్కించింది.

వ్యాసర్పాడి ట్రాఫిక్కులో ఆగినప్పుడు డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఏంది పెద్దమ్మా, ఊరికే ఆ ఫోను నొక్కతా ఉండావు?"

"సిమ్ము లేదు నాయనా. మా అక్క బస్టాపులో ఉంటానంది."

"ఆయమ్మ ఆడ లేకుంటే?"

మైలాపూరు నుంచీ నన్ను నేను అడక్కుండా ఆపుకొస్తున్న ప్రశ్న అదే. డెబ్బై ఆరేళ్ళ మనిషి. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆలస్యమవుతుందని చెప్పే దారి కూడా లేదు.

ఉంది. నీడలో కాదు, రోడ్డంచున, వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగి చూస్తూ. బాగా చిక్కింది. ఎత్తు కూడా తగ్గింది. ఆ సంగతి వీడియోలో తెలియలేదు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఒక్క తిట్టూ తిట్టలేదు. నాకు భయమేసింది.

ఇంటికెళ్ళాక తన ఫోను నా ముందు పెట్టింది. "తీసుకో నీ ఓటీపీ."

దానికి కాలం చెల్లి గంట దాటింది. "మళ్ళా కొట్టుకు పోవల్ల," అన్నాను.

"పోదువులే. ఇప్పుడు ఎవురికి చేయల్ల ఫోను?" అంటూ పీట నా పక్కకు జరుపుకుంది.

మర్నాడు ఆవిడను వెంటబెట్టుకుని వెళ్తే సిమ్ము పని సులువుగా అయిపోయింది. మీకు చెప్పే సలహా కూడా ఇదే: ఎవరి నంబరు ఇస్తారో ఆ మనిషిని కొట్టుకు తీసుకెళ్ళండి. ఆ తర్వాత మ్యాపులు, ఆటోలు అన్నీ చక్కగా పలికాయి. కానీ ఏ దేశపు సిమ్ము వేసినా వచ్చేది గొంతే. నడిచేటప్పుడు అక్క నా ఎడమ భుజం మీద ఎంత బరువు వేస్తుందో అందులో వినపడదు. ఉన్నన్నాళ్ళూ ఆ బరువుతోనే నడిచాను. మలేషియాకు తిరిగొచ్చాక సంతకు ఒక్కదాన్నే వెళ్తున్నప్పుడు, ఇప్పటికీ ఎడమవైపు కాస్త వంగి నడుస్తున్నాను.